రీల్స్ చూసే చేయి వేరు, డబ్బు కట్టే చేయి వేరు

డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న ఊరు కాపెల్. 2020 జనగణన నాటికి జనాభా 42,983. మంచి బడులని, ఆఫీసులకు దగ్గరని ఇక్కడ ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పక్కనే ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లోనూ అంతే. ఈ ఇళ్లలో తరచూ తెగని పేచీ ఒకటుంది. ఆరో తరగతి అమ్మాయికి ఫోన్ ఇప్పించాలా? హైస్కూలు అబ్బాయి రెండేళ్ల నాటి ఫోన్ మార్చాలంటున్నాడు, మార్చాలా? విజయవాడలో ఉన్న నాన్నగారికి ఏ ఫోన్ పంపాలి? పిల్లలు రోజంతా ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటున్నారు కాబట్టే ఇవన్నీ అడుగుతున్నారని పెద్దల అనుమానం. పెద్దలూ రాత్రి పొద్దుపోయేదాకా వాట్సాప్ గ్రూపుల్లోనే ఉంటున్నారు కదా అని పిల్లల జవాబు.

ఫోన్ వ్యాపారానికి ఈ ప్రాంతం కొత్తది కాదు. 1958లో జాక్ కిల్బీ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చేసి చూపించింది డాలస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో. ఏటీ అండ్ టీ 2008లో తన ప్రధాన కార్యాలయాన్ని శాన్ ఆంటోనియో నుంచి డాలస్‌కు తెచ్చుకుంది. శామ్‌సంగ్‌కు ప్లేనోలో పెద్ద ప్రాంగణం ఉంది. 2013లో మోటరోలా తన మోటో ఎక్స్ ఫోన్లను ఫోర్ట్‌వర్త్‌లో బిగించి అమ్మింది, మరుసటి ఏడాదికల్లా ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఫోన్లను రూపొందించేవాళ్లు, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇరవై ముప్పై మైళ్ల దూరంలో కలిసి బతుకుతున్న చోటు ఇది. సోషల్ మీడియా వ్యసనం మన చేత ఫోన్లు కొనిపిస్తోందా అన్న ప్రశ్నను ఇక్కడినుంచి చూస్తే, పరిశోధనల్లో కనిపించని కొన్ని సంగతులు కనిపిస్తాయి.

వ్యసనం కోరికను పెంచుతుంది. ఆ మాట చాలా సర్వేలు చెప్పాయి, నమ్మదగిన మాటే. కానీ కోరిక కొనుగోలుగా మారడం అంత సూటిగా జరగదు. ఏ ఫోన్ కావాలి, ఎప్పుడు కావాలి అన్నవాటిని సోషల్ మీడియా గట్టిగా శాసిస్తుంది. అసలు కొనాలా వద్దా అన్నదాన్ని మాత్రం డబ్బు, వాయిదాల పథకం, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్నది తేలుస్తాయి. ఈ రెండో భాగాన్ని పరిశోధన చాలా వరకు వదిలేసింది. ఈ సమీక్ష ఉద్దేశం ఆ లోటును ఎత్తిచూపడమే.

వ్యసనం అని దేన్ని అంటున్నారు?

ఎక్కువసేపు చూడటం వేరు, వ్యసనం వేరు. బ్రిటన్ మనస్తత్వవేత్త మార్క్ గ్రిఫిత్స్ 2005లో వ్యసనానికి ఆరు లక్షణాలు చెప్పారు. మనసంతా దాని మీదే ఉండటం, మనసు బాగోకపోతే దాన్నే ఆశ్రయించడం, రోజురోజుకూ మోతాదు పెరగడం, లేకపోతే చిరాకు పుట్టడం, చదువుతోనో ఉద్యోగంతోనో ఇంట్లోవాళ్లతోనో గొడవకు దారితీయడం, మానేసి మళ్లీ మొదలుపెట్టడం. వీటి ఆధారంగా నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయంలో సెసిలీ ఆండ్రియాసన్ బృందం 2012లో ఫేస్‌బుక్‌కు ఒక కొలమానం తయారు చేసింది. 2016లో దాన్నే సోషల్ మీడియా మొత్తానికి విస్తరించారు. లక్షణానికొకటి చొప్పున ఆరే ప్రశ్నలు. కొనుగోలు ఉద్దేశాల మీద వచ్చే సర్వేల్లో ఎక్కువగా వాడేది ఈ కొలమానాన్నో, దీని చుట్టాల్నో.

వైద్యశాస్త్రం మాత్రం దీనికి ఇంకా పూర్తి ముద్ర వేయలేదు. అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్ఎమ్-5లో సోషల్ మీడియా వ్యసనం అనే జబ్బు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న ఐసీడీ-11లో వీడియో గేముల వ్యసనానికి చోటిచ్చారు, సోషల్ మీడియాకు ఇవ్వలేదు. అందుకే లెక్కలు గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి మారిపోతాయి. 2021లో 32 దేశాలకు చెందిన 34,798 మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ఇందుకు మంచి ఉదాహరణ. కఠినమైన గీటురాయితో చూస్తే వ్యసనపరులు 5 శాతం, సడలించి చూస్తే 25 శాతం. అదే విశ్లేషణలో కుటుంబానికీ సమూహానికీ పెద్దపీట వేసే సమాజాల్లో ఈ శాతం 31 అని, వ్యక్తికి పెద్దపీట వేసే సమాజాల్లో 14 అని తేలింది. కాపెల్‌లో పెరిగే తెలుగు పిల్లలు ఇంట్లో మొదటి సమాజంలో, బడిలో రెండో సమాజంలో ఉంటారు. ఈ రెంటిలో ఏ లెక్కా వాళ్లకు యథాతథంగా అతకదు.

అప్పట్లో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి 2023 మే నెలలో పిల్లల మానసిక ఆరోగ్యం, సోషల్ మీడియా గురించి హెచ్చరిక పత్రం విడుదల చేశారు. ప్యూ సంస్థ 2024 సర్వేలో అమెరికా టీనేజర్లలో 95 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ అందుబాటులో ఉందని, 46 శాతం మంది దాదాపు ఎప్పుడూ ఆన్‌లైన్‌లోనే ఉంటున్నామన్నారని తేలింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. 95 శాతం మందికి ఇప్పటికే ఫోన్ అందుబాటులో ఉన్నప్పుడు, వ్యసనం కొత్తగా కొనుగోలుదారులను తయారు చేయడానికి మిగిలిన చోటు చాలా తక్కువ. మిగిలింది ఉన్నది మార్చడం, ఇంకా ఖరీదైనది కోరుకోవడం.

కోరిక పుట్టే దారులు

కొనుగోలు ఉద్దేశం మీద జరిగిన పరిశోధనలో చాలా భాగం మనస్తత్వవేత్త ఐజెక్ ఐజన్ 1991లో పూర్తి రూపమిచ్చిన సిద్ధాంతం మీద నిలబడింది. ఒక పని చేయాలనే ఉద్దేశానికి ఆయన మూడు మూలాలు చెప్పారు. ఆ పని మీద మనకున్న అభిప్రాయం, మనకు కావలసినవాళ్లు ఏమనుకుంటారన్న లెక్క, చేయగలనన్న ధీమా. ఫోన్ విషయంలో సోషల్ మీడియా ఈ మూడింటినీ తడుతుంది.

మొదటిది అభిప్రాయం. కొత్త ఫోన్ పెట్టె విప్పే వీడియో, కెమెరాల పోలిక, రాత్రి వెలుతురులో తీసిన ఫొటో, ఇవన్నీ అడగకుండానే ఫీడ్‌లోకి వస్తాయి. ఒక్కటి చివరిదాకా చూస్తే పది వస్తాయి. ఎక్కువసేపు ఫీడ్‌లో ఉండేవాడికి ఇవి ఎక్కువ తగులుతాయి. తన ఫోన్ పాతదైందన్న భావన అతనికి మిగతావాళ్లకంటే ముందు కలుగుతుంది, ఫోన్ బాగానే పనిచేస్తున్నా సరే.

రెండోది చుట్టూ ఉన్నవాళ్లు. మనుషులు తమను తాము కొలుచుకోవడానికి పక్కవాళ్లను చూస్తారని మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింజర్ 1954లోనే చెప్పారు. అప్పట్లో పక్కవాళ్లంటే వీధిలోవాళ్లు, తరగతిలోవాళ్లు. ఇప్పుడు ఊరూ పేరూ తెలియని వేలమంది. ఆండ్రూ ప్రిజిబిల్స్కీ బృందం 2013లో, అందరూ ఉన్నచోట మనం లేకుండా పోతామేమోనన్న బెంగను కొలవడానికి ఒక పద్ధతి తెచ్చింది. సోషల్ మీడియా వ్యసనానికీ కొనాలన్న ఉద్దేశానికీ మధ్య వంతెనగా సర్వేల్లో తరచూ తేలేది ఈ బెంగే. దీనికి తోడు రసెల్ బెల్క్ 1988లో చెప్పిన మాట ఉంది. మన వస్తువులను మనం మనలో భాగంగానే చూసుకుంటాం. రోజుకు వందసార్లు చేతిలోకి తీసుకునే ఫోన్ విషయంలో ఇది మరీ నిజం.

మూడోది ధీమా. 799 డాలర్ల ఫోన్ అంటే ఎవరైనా ఆలోచిస్తారు. 36 నెలల వాయిదాల్లో నెలకు 22 డాలర్లంటే ఆలోచన సగమైపోతుంది. పాత ఫోన్ ఇచ్చేస్తే ఆ 22 కూడా బిల్లులో తగ్గిస్తామంటే ఆలోచనే ఉండదు. ఈ పథకం సోషల్ మీడియా తయారు చేసింది కాదు. కానీ సోషల్ మీడియా పుట్టించిన కోరికకు దారి చూపేది ఇదే. మూడేళ్లు అదే కంపెనీకి కట్టుబడి ఉండాలన్న షరతు, కాపెల్‌లో మొత్తం ధర మీద పడే 8.25 శాతం అమ్మకపు పన్ను, రీల్‌లో కనిపించవు.

ఈ మూడు మనసుకు సంబంధించినవి. నాలుగోది పూర్తిగా యంత్రానికి సంబంధించినది, పరిశోధకులు ఎక్కువగా పట్టించుకోనిది. ఐఫోన్ 14 దాకా వచ్చిన మోడళ్లలో బ్యాటరీ 500 పూర్తి చార్జింగుల తర్వాత 80 శాతం సామర్థ్యంతో నిలిచేలా చేశామని ఆపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి అది 1,000 చార్జింగులు. రోజుకొకసారి పూర్తిగా ఖాళీ చేసి నింపేవాడికి 500 చార్జింగులు 16 నెలల్లో అయిపోతాయి. రోజుకు రెండుసార్లు నింపేవాడికి 8 నెలలే. వీడియోలతో మెమరీ కూడా ఇంతే వేగంగా నిండుతుంది. ఇలాంటివాడు కొత్త ఫోన్ కావాలంటే అది ఆశ కాదు, అవసరం. అయితే ఆ అవసరానికి తక్కువ ఖర్చులో బ్యాటరీ మార్పించుకోవడం అనే జవాబు ఉంది. సర్వే ప్రశ్నల్లో ఆ ఎంపిక సాధారణంగా ఉండదు కాబట్టి, దీన్ని కూడా కొనుగోలు ఉద్దేశం కింద రాసేస్తారు.

మార్కెట్ చెప్పిన సాక్ష్యం

సిద్ధాంతాన్ని పక్కన పెట్టి, కంపెనీలు డబ్బు పెట్టి చేసిన ప్రయోగాలు చూద్దాం. వ్యసనమే ఫోన్ కొనిపిస్తుందని నమ్మి, సోషల్ మీడియానే ఫోన్‌గా అమ్మబోయినవాళ్లున్నారు.

2010 మే నెలలో మైక్రోసాఫ్ట్ కిన్ అనే ఫోన్లు తెచ్చింది. స్నేహితుల పోస్టులే తెరంతా కనిపించే ఫోన్లు, కుర్రకారు కోసం. రెండు నెలలు నిండకుండానే వాటిని ఆపేశారు. 2011లో హెచ్‌టీసీ ఫేస్‌బుక్ బటన్ ఉన్న ఫోన్ తెచ్చింది, అమెరికాలో దాన్ని ఏటీ అండ్ టీ అమ్మింది. ఆ తర్వాతదే అసలు పరీక్ష. 2012 అక్టోబరులో ఫేస్‌బుక్ 100 కోట్ల వాడుకరులను దాటినట్టు ప్రకటించింది. 2013 ఏప్రిల్‌లో, ఫోన్ తెరవగానే ఫేస్‌బుక్కే ఎదురయ్యే హెచ్‌టీసీ ఫస్ట్‌ను డాలస్ కంపెనీ ఏటీ అండ్ టీ రెండేళ్ల ఒప్పందం మీద 99.99 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. నెల తిరక్కుండా ధర 99 సెంట్లకు పడిపోయింది. వంద కోట్లమంది అలవాటును నేరుగా ఫోన్‌గా మార్చి ఇస్తే జనం ఎగబడలేదు.

ఇందుకు పూర్తి వ్యతిరేకమైన కథ కెమెరాది. 2010 జూన్‌లో ముందు కెమెరాతో ఐఫోన్ 4, అదే అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాయి. ఫొటో ఆల్బమ్ కోసం కాక, పదిమందికి చూపించడానికి తీయడం మొదలైంది. 2015లో ఆపిల్ మామూలు వాడుకరులు తీసిన ఫొటోలతోనే హోర్డింగులు పెట్టి ప్రచారం చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒప్పో, వివో మన తెలుగు రాష్ట్రాల చిన్న పట్టణాల్లో కూడా షాపుల బోర్డులు తమ రంగుల్లోకి మార్చేసి సెల్ఫీ ఫోన్లు అమ్మాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకై ఆ ఫోన్లకు పని దొరికింది. 2019లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 కెమెరాలోనే ఇన్‌స్టాగ్రామ్ మోడ్ పెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సరిగా నడవదన్న పేరున్న తన యాప్‌ను స్నాప్‌చాట్ అదే ఏడాది కొత్తగా రాసి విడుదల చేసింది.

రెండు కథలూ కలిపి చదివితే, జనం సోషల్ మీడియా కోసం ఫోన్ కొనలేదు, సోషల్ మీడియాలో తాము బాగా కనిపించడం కోసం కొన్నారని అర్థమవుతుంది. అక్కడ చూడటానికి ఏ ఫోనైనా చాలు. అక్కడ కనిపించడానికి మంచి కెమెరా కావాలి. వ్యసనం అని ఒకే పేరుతో పిలుస్తున్న దాంట్లో చూసే వ్యసనం, చూపించుకునే వ్యసనం అని రెండున్నాయి. ఖరీదైన ఫోన్ వైపు నెట్టేది ముఖ్యంగా రెండోది.

మొత్తం అమ్మకాల లెక్క ఇంకో మాట చెబుతుంది. ఐడీసీ సంస్థ లెక్కల్లో 2016లో ప్రపంచవ్యాప్తంగా 147 కోట్ల స్మార్ట్‌ఫోన్లు అమ్మకానికి వెళ్లాయి. 2023లో 117 కోట్లు, పదేళ్లలో అతి తక్కువ. ఈ ఏడేళ్లలోనే టిక్‌టాక్ ప్రపంచాన్ని చుట్టేసింది, రీల్స్, షార్ట్స్ పుట్టాయి. సోషల్ మీడియా గుప్పిట బిగుసుకున్న కాలంలో ఫోన్ల అమ్మకాలు తగ్గాయి. ఫోన్లు గట్టిపడ్డాయి, ధరలు పెరిగాయి, కొత్త మోడల్‌లో కొత్తదనం తగ్గింది, జనం ఎక్కువ కాలం వాడుతున్నారు. వ్యసనం ఒక్కటే అమ్మకాలను నడిపేదైతే ఈ గీత పైకి వెళ్లాలి కదా.

వ్యసనం నేరుగా ఫోన్ కోసం వెతికించిన సందర్భం ఒకటుంది. 2025 జనవరిలో అమెరికా చట్టం వల్ల టిక్‌టాక్ యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. కొద్ది గంటలు యాప్ కూడా ఆగిపోయింది. అప్పుడు టిక్‌టాక్ ముందే ఎక్కించి ఉన్న వాడిన ఫోన్లను ఈబేలో వేల డాలర్లకు అమ్మకానికి పెట్టారు. వార్తలకెక్కింది ఆ అడిగిన ధరలే. అడిగిన ధర అమ్ముడుపోయిన ధర కాదు. ఫిబ్రవరి మధ్యలో యాప్ తిరిగి స్టోర్లలోకి రావడంతో ఆ సందడి చల్లారింది. కోరికకూ కొనుగోలుకూ మధ్య దూరం ఎంతో ఈ ఉదంతం చెబుతుంది.

కాపెల్ ఇంట్లో కొనుగోలుదారు ఎవరు?

ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం వినియోగదారుడిని ఒంటరి మనిషిగా చూస్తుంది. వ్యసనం అతనిదే, కోరిక అతనిదే, డబ్బూ అతనిదే. తెలుగు ఇంట్లో ఈ మూడూ ముగ్గురివి.

పిల్లల సంగతి చూద్దాం. పైపర్ శాండ్లర్ సంస్థ 2024 చివర్లో చేసిన సర్వేలో అమెరికా టీనేజర్లలో 87 శాతం మంది తమకు ఐఫోన్ ఉందన్నారు. అలాంటి తరగతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న పిల్లవాడికి స్నేహితులు పంపే మెసేజ్ వాళ్ల తెర మీద ఆకుపచ్చగా కనిపిస్తుంది, గ్రూపు కబుర్లలో అతని వీడియోలు మసకగా చేరేవి. ఇది పిల్లల గోల అని కొట్టిపారేయలేం. 2024 మార్చి 21న అమెరికా న్యాయశాఖ ఆపిల్ మీద వేసిన గుత్తాధిపత్యం దావాలో, ఐఫోన్ లేనివాళ్లు, ముఖ్యంగా టీనేజర్లు, పడే ఈ సామాజిక ఒత్తిడిని ప్రస్తావించింది. ఆ సెప్టెంబరులో ఐఓఎస్ 18తో ఆపిల్ కొత్త మెసేజ్ ప్రమాణాన్ని అంగీకరించాక వీడియోల బాధ కొంత తగ్గింది, ఆకుపచ్చ రంగు మాత్రం పోలేదు.

ఇక్కడ కోరిక పుట్టింది పిల్లవాడిలో. కానీ అతను కొనలేడు. తల్లిదండ్రులు కొనాలి. వాళ్ల ఉద్దేశానికి మూలం పిల్లవాడి వ్యసనం కాదు, వాడు ఒంటరివాడైపోతాడన్న భయం, ఆటల ప్రాక్టీసు అయ్యాక ఫోన్ చేస్తాడన్న సౌకర్యం, ఎక్కడున్నాడో తెలుస్తుందన్న నిశ్చింత. సర్వే పిల్లవాడిని అడిగితే వ్యసనం కొనిపించిందని వస్తుంది. తండ్రిని అడిగితే భద్రత కొనిపించిందని వస్తుంది. రెండూ నిజమే, రెండూ సగం నిజాలే.

బడి కూడా ఈ లెక్కలోకి వచ్చింది. టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ 2025 జూన్‌లో సంతకం చేసిన హౌస్ బిల్లు 1481 ప్రకారం, 2025-26 విద్యాసంవత్సరం నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో విద్యార్థులు బడివేళల్లో సొంత ఫోన్లు, స్మార్ట్ వాచీలు వాడకూడదు. కాపెల్ బడులకూ ఇది వర్తిస్తుంది. రోజులో ఏడెనిమిది గంటలు ఫోన్ బయట పెట్టలేనప్పుడు, అది ఏ మోడలో పక్కవాడికి తెలిసే వేళ తగ్గుతుంది. వ్యసనం, కొనుగోలు మధ్య సంబంధాన్ని సహజంగా పరీక్షించే అవకాశం ఇది. పరిశోధకులు దీన్ని జారవిడుచుకోకూడదు.

పెద్దల కొనుగోలు వేరే దారిలో నడుస్తుంది. ఇండియా ప్రయాణం ఖాయమయ్యిందంటే బంధువుల వాట్సాప్ సందేశాలు మొదలవుతాయి. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 అమెరికాలో 799 డాలర్లకు, ఇండియాలో 79,900 రూపాయలకు వచ్చింది. అప్పటి మారకం రేటులో 799 డాలర్లంటే సుమారు 66 వేల రూపాయలు. పన్ను కలిపినా ఇక్కడ తక్కువే. అందుకే బావమరిదికి ఒకటి, మేనకోడలికి ఒకటి. అయితే ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే మోడళ్లలో సిమ్ పెట్టుకునే చోటే లేదు, ఈ-సిమ్ మాత్రమే. వాయిదాల మీద తీసుకున్నదైతే చాలాసార్లు బాకీ తీరేదాకా ఆ కంపెనీకే తాళం వేసి ఉంటుంది. గుంటూరులో అమ్మమ్మకు ఇవన్నీ ఇబ్బందులే. ఇక్కడ కొనిపించేది ఎవరి వ్యసనం? మేనకోడలు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసింది, అడిగింది ఆమె తల్లి, కట్టింది కాపెల్‌లోని మేనమామ క్రెడిట్ కార్డు. అభిమానం, మొహమాటం, పరువు కలిసి చేసిన కొనుగోలు ఇది. వ్యక్తిని ఒక్కడినే కొలిచే ఏ పట్టికలోనూ ఇది కనిపించదు.

నమ్మకాన్ని అమ్మే గొంతులు

ఫీడ్‌లో ఎక్కువసేపు గడిపేవారికి కొందరి గొంతులు ఇంటివాళ్లంత దగ్గరవుతాయి. తెర మీది మనిషితో ప్రేక్షకుడు పెంచుకునే ఏకపక్ష అనుబంధాన్ని డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే, టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో, వివరించారు. ఫోన్ల విషయంలో ఆ అనుబంధానికి బలం ఎక్కువ. ప్రసాద్ టెక్ ఇన్ తెలుగు, తెలుగు టెక్ ట్యూట్స్ వంటి యూట్యూబ్ చానళ్లు బడ్జెట్ నుంచి బ్యాటరీ దాకా మన భాషలో విడమరిచి చెప్పడం వల్లే లక్షలమంది వాటిని అనుసరిస్తున్నారు. ఇంగ్లిష్ స్పెసిఫికేషన్ పట్టిక చదివి అర్థం చేసుకోలేని కొనుగోలుదారుకు ఇది నిజమైన మేలు. ప్రశ్నల్లా ఏది అభిప్రాయం, ఏది ప్రకటన అన్నదే.

ఈ ప్రశ్న డాలస్‌కు దగ్గరిది. గూగుల్ తన పిక్సెల్ 4 ఫోన్ ప్రచారానికి, ఆ ఫోన్ వాడని రేడియో వ్యాఖ్యాతల చేత సొంత అనుభవంలా మాటలు చెప్పించిందని టెక్సాస్ అటార్నీ జనరల్ 2022 జనవరిలో దావా వేశారు. టెక్సాస్‌లో ఆ ప్రకటనలు వినిపించింది డాలస్-ఫోర్ట్‌వర్త్, హ్యూస్టన్ శ్రోతలకు. 2023లో గూగుల్ 80 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇలాంటి ఆరోపణల మీదే 2022 నవంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, కొన్ని రాష్ట్రాలు కలిసి గూగుల్, రేడియో సంస్థ ఐహార్ట్ మీడియాలతో 94 లక్షల డాలర్ల పరిష్కారం కుదుర్చుకున్నాయి. రేడియోలో జరిగింది ఫీడ్‌లో జరగదనుకోవడం అమాయకత్వం. 2023లో ఇండియాలో వినియోగదారుల వ్యవహారాల శాఖ, అమెరికాలో ట్రేడ్ కమిషన్ రెండూ, సొమ్ము తీసుకుని చెప్పే మాటకు ఆ సంగతి స్పష్టంగా ప్రకటించాలని తమ మార్గదర్శకాలను గట్టి చేశాయి. వ్యసనంలో ఉన్న ప్రేక్షకుడు వేగంగా తెర జరుపుతుంటాడు. మూలన చిన్న అక్షరాల్లో ఉన్న ‘ప్రకటన’ అన్న మాటను అందరికంటే తక్కువగా చదివేది అతనే.

పరిశోధనల్లో ఖాళీలు

ఈ రంగంలో వచ్చే పత్రాలు ఒక మూసలో ఉంటాయి. కొన్ని వందలమంది కాలేజీ విద్యార్థులకు ఒకే రోజు ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు. అందులోనే వ్యసనం ప్రశ్నలు, అందులోనే కొనుగోలు ప్రశ్నలు. రెండింటి మధ్య సంబంధం ఉందని గణాంకాలతో చూపిస్తారు. దీంట్లో మూడు పెద్ద లోపాలున్నాయి.

ఒకటి, మనుషులు తమ వాడకాన్ని తాము సరిగా చెప్పలేరు. 2021లో డగ్లస్ ప్యారీ బృందం ఫోన్లు నమోదు చేసిన వాడకాన్ని, మనుషులు చెప్పిన వాడకాన్ని పోల్చిన అధ్యయనాలన్నిటినీ కూర్చింది. రెండింటి మధ్య సంబంధం 0.38 మాత్రమే. వ్యసనం ప్రశ్నావళులు, నిజమైన వాడకం మధ్య సంబంధం ఇంకా బలహీనం.

రెండు, ఉద్దేశం చర్య కాదు. పాస్కల్ షీరన్ 2002లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, చేస్తానన్న ఉద్దేశం నిజంగా చేయడంలోని తేడాల్లో 28 శాతాన్నే వివరించగలిగింది. కొంటాను అన్న మాటకు ఐదు మార్కులు వేసిన విద్యార్థి కొన్నాడో లేదో తెలుసుకోవడానికి తర్వాత ఎవరూ వెళ్లరు.

మూడు, ఏది ముందు, ఏది వెనక అన్నది తేలదు. పెద్ద తెర, వేగమైన ఫోన్ వచ్చాక సోషల్ మీడియా వాడకం పెరగడం అందరికీ అనుభవమే. ఒకే రోజు తీసిన సర్వే, వ్యసనం ఫోన్ కొనిపించిందో, ఫోన్ వ్యసనం తెచ్చిందో చెప్పలేదు.

ఇంతకంటే గట్టి పద్ధతులు లేకపోలేదు. హంట్ ఆల్కట్, మాథ్యూ జెంట్జ్‌కో, లీనా సాంగ్ 2022లో ప్రచురించిన ప్రయోగంలో, మనుషుల ఫోన్లలోనే వాడకాన్ని నమోదు చేశారు. కొందరికి తగ్గించుకుంటే డబ్బిచ్చారు, కొందరికి తమకు తాము హద్దు పెట్టుకునే వీలిచ్చారు. సోషల్ మీడియా వాడకంలో 31 శాతం స్వీయ నియంత్రణ లోపం వల్లేనని లెక్క తేల్చారు. ఇలాంటి పద్ధతిని కొనుగోలు వైపు తిప్పాలి. కాపెల్ లాంటి ఊళ్లో ఇరవై ముప్పై కుటుంబాలతో మొదలుపెట్టినా చాలు. ఫోన్‌లో నమోదైన స్క్రీన్ టైమ్ తీసుకోవాలి. కోరేవాడినీ కట్టేవాడినీ విడివిడిగా అడగాలి. వాయిదాలు తీరే నెలలో, పుట్టినరోజు నెలలో, ఇండియా ప్రయాణం ముందు మళ్లీ అడగాలి. ఏడాది తర్వాత నిజంగా ఏం కొన్నారో చూడాలి. నార్త్ టెక్సాస్‌లో తెలుగు సంఘాలు చురుగ్గా ఉన్నాయి, విశ్వవిద్యాలయాలున్నాయి, తెలుగు పరిశోధక విద్యార్థులున్నారు. ఇది చేయలేని పని కాదు.

తక్కువ ఫోన్ కొనేవాళ్లు

వ్యసనం కొనుగోలును పెంచుతుందనే లెక్కలో ఎవరూ వేయని ఖాతా ఒకటుంది. తన వ్యసనాన్ని గుర్తించిన మనిషి తక్కువ పనిచేసే ఫోన్ కోసం వెతుకుతాడు. న్యూయార్క్‌లో పుట్టిన లైట్ ఫోన్‌లో సోషల్ మీడియా ఉండదు. టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌కు చెందిన పిన్‌వీల్ పిల్లల కోసం తల్లిదండ్రుల అదుపులో ఉండే ఫోన్లు అమ్ముతోంది. అదే ఆస్టిన్‌లో 2017లో మొదలైన వెయిట్ అన్‌టిల్ ఎయిత్ ఉద్యమం, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా స్మార్ట్‌ఫోన్ ఇవ్వబోమని తల్లిదండ్రుల చేత ప్రతిజ్ఞ చేయిస్తుంది. ఒకే బడిలో ఒకే తరగతికి చెందిన పది కుటుంబాలు సంతకం చేశాకే ప్రతిజ్ఞ అమల్లోకి వస్తుంది. దీని తెలివంతా ఆ పదిలో ఉంది. ఒక్క ఇల్లే వద్దంటే పిల్లవాడు ఒంటరివాడవుతాడు. పది ఇళ్లు కలిసి వద్దంటే అదే ఆ తరగతి ఆనవాయితీ అవుతుంది. ఐజన్ చెప్పిన చుట్టూ ఉన్నవాళ్ల లెక్కను కంపెనీలు ఒకవైపు తిప్పితే, తల్లిదండ్రులు దాన్నే రెండోవైపు తిప్పుతున్నారు.

తేలిందేమిటి?

సోషల్ మీడియా వ్యసనం ఫోన్ కొనాలన్న కోరికను పెంచుతుంది, ముఖ్యంగా నలుగురిలో కనిపించాలన్న ఆరాటం ఉన్నవాళ్లలో. ఆ కోరిక ఖరీదైన కెమెరా ఫోన్ల వైపు, తోటివాళ్ల దగ్గరున్న బ్రాండు వైపు మొగ్గుతుంది. దాన్ని కొనుగోలుగా మార్చేవి వాయిదాలు, పాత ఫోన్ మార్పిడి, కుటుంబ మొహమాటం. వీటిని లెక్కలోకి తీసుకోని పరిశోధన వ్యసనానికి ఎక్కువ నేరం మోపుతోంది, వ్యాపార పథకాలను నిర్దోషులుగా వదిలేస్తోంది.

కాపెల్‌లోనైనా కాకినాడలోనైనా ఇంటి పెద్దలకు నా విన్నపం ఇది. ఫోన్ కొనే నిర్ణయాన్ని ఫీడ్ చూస్తున్న వేళ తీసుకోకండి. నెలవారీ మొత్తం కాదు, పన్నుతో కలిపి పూర్తి ధర కాగితం మీద రాయండి. బ్యాటరీ మారిస్తే సరిపోతుందేమో ముందు కనుక్కోండి. కోరినవాడు ఎందుకు కోరాడో అడగండి, కట్టేవాడు ఎందుకు కడుతున్నాడో మిమ్మల్ని మీరు అడగండి. పిల్లల తరగతిలోని మరో తొమ్మిది కుటుంబాలతో మాట్లాడండి. పిల్లల స్క్రీన్ టైమ్ అడిగే ముందు మీ స్క్రీన్ టైమ్ వాళ్లకు చూపించండి. ఫోన్ మీద ఇంట్లో నిజాయితీగా జరిగే చర్చ అక్కడే మొదలవుతుంది.